శీనూకి, మూడు వారాలు ఆలస్యంగా

రేయ్ శీనూ,

కోపంగా ఉన్నావని తెలుసురా. మెసేజ్‌లన్నీ పడినాయి, కానీ డాక్టరమ్మ ఫోను చూడద్దనింది, ఎందుకో కింద చెప్తా, మన్నించు. ఇంట్లో అందరూ బాగుండారు, అమ్మకి మోకాలు నొప్పి తగ్గింది, చెల్లి బీఈడీలో చేరింది. అంతే, ఇంగ అసలు సంగతి.

కళ్ళకి లేజర్ చేయించుకున్నానురా! మొన్న రాత్రి మిద్దెక్కి అద్దాలు లేకుండా కొండ దిక్కు చూస్తే, ఘాట్ రోడ్డులో దిగొచ్చే బండ్ల లైట్లు ఒక్కొక్కటీ వేరేగా కనపడినాయి. చుట్టూ కొంచెం వలయం ఉండాది ఇంకా, పోను పోను తగ్గుతుందంట. ఆరో క్లాసు నుంచి నాకు బోర్డు చదివి చెప్పింది నువ్వే కదా, నిన్ను తలుచుకుని ఏడుపొచ్చేసిందిరా.

నేను చేయించుకోవాలనుకున్నది స్మైల్ అనే రకం. మా చిన్నాన్న కొడుకు చేయించుకుని మూడో రోజే ఆఫీసుకి పోయినాడు. దాంట్లో కార్నియా (నల్లగుడ్డు ముందర ఉండే తేట పొర) లోపలే లేజర్‌తో చిన్న రేకు లాంటి ముక్క చెక్కి, పక్కన రెండు మూడు మిల్లీమీటర్ల గాటు పెట్టి దాన్ని లాగేస్తారు. లాసిక్ అయితే పైపొరని మూతలాగ కోసి ఎత్తి, కింద చెక్కి, మళ్ళీ మూసేస్తారు. మొదట పోయిన చోట (పేరు వద్దులే) కౌంటర్ దగ్గరే, స్కాన్ కూడా తీయకుండా, ఈ వారం లాసిక్ ఆఫర్ ఉంది అడ్వాన్సు కట్టండి అన్నారు. నాకు ఒళ్ళు మండి వచ్చేసినా.

రెండో చోట డాక్టరమ్మ స్కాన్ తీసి కాగితం మీద లెక్క వేసి చూపించిందిరా. మామూలుగా కార్నియా మందం 540 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అటూ ఇటూ ఉంటుంది, నాది 478. నా పవర్ మైనస్ ఐదున్నర, ఒక్కో పాయింటుకి సుమారు 15 చొప్పున చెక్కితే 82 పోతాది. లాసిక్ మూతకి 110. మిగిలేది 286. కింద 300 అయినా ఉండాల, లేకుంటే కార్నియా బలం తగ్గి ముందుకి ఉబ్బే ప్రమాదం ఉంది, చేయను అనేసింది. స్మైల్ లెక్క కూడా కుదరలేదు. చివరికి పీఆర్‌కే. అది వీటికంటే పాతది, మూత కోసే పనే లేదు, పైన 50 మైక్రాన్ల పల్చటి పొర తీసేసి నేరుగా చెక్కుతారు, ఆ పొర దానంతటదే మళ్ళీ పెరుగుతాది.

కంటికి పట్టిన టైం నిమిషం కూడా లేదు, ఏదో కాలిన వాసన వచ్చింది అంతే. కానీ తర్వాత మూడు రోజులు, అబ్బా, కారం పడినట్టు మంట, నీళ్ళు, కిటికీలకి దుప్పట్లు కట్టుకుని చీకట్లో పడుకున్నా. అమ్మ అన్నం కలిపి పెట్టింది. ఐదో రోజు కట్టులాగ పెట్టిన లెన్స్ తీసినారు. అప్పటికీ మసకే, రోజురోజుకీ కొంచెం కొంచెం తేటపడతా వచ్చింది. చూపు రావడానికి లాసిక్ కంటే దీనికి చాలా ఎక్కువ రోజులు పడతాది, ఓపిక ఉండాల.

ఇంకోటి రా, నీకు నచ్చుతాది. ఈ చెక్కే ఎక్సైమర్ లేజర్ కణజాలాన్ని చుట్టుపక్కల కాల్చకుండా కోస్తుందని 1981లో కనిపెట్టిన వాళ్ళలో ఒకాయన మన మద్రాసు యూనివర్సిటీలో చదివిన రంగస్వామి శ్రీనివాసన్. అమెరికాలో ఐబీఎంలో పండగ భోజనంలో మిగిలిన టర్కీ కోడి ముక్క మీద పెట్టి చూసినాడంట. నీ పేరే రా! నా కళ్ళకి ఇద్దరు శీనులు.

నువ్వు వచ్చే నెల బెంగుళూరులో లాసిక్ బుక్ చేస్తానన్నావు కదా, దయచేసి ఆగు. నీకు మైనస్ ఏడు, పైగా నిద్ర లేస్తానే కళ్ళు నలుపుకునే అలవాటు, అది కార్నియాకి అస్సలు మంచిది కాదంట. లెన్సులు రెండు వారాలు పెట్టుకోకుండా పోయి ముందు స్కాన్ తీయించు, మందం ఎంత, మిగిలేది ఎంత అని నువ్వే అడుగు. కుదరదంటే కంటి లోపల పెట్టే లెన్స్ కూడా ఉంది, దాని గురించి

అలారం కొట్టిందిరా, చుక్కలు వేసుకోవాల, అమ్మ పక్కనే నిలబడింది. కపిలతీర్థం పచ్చ గొడుగు సంగతి ఫోన్లో చెప్తా, ఎవరికీ చెప్పద్దు.

నీ,
నాలుగో బెంచీ