కన్నోరింటికి చేరని మెసేజ్

సంపాదకులకు,

గర్భిణులకు, బాలింతలకు ఆరోగ్య సలహాలు ఫోనుకు మెసేజ్‌గా పంపడం మంచి పనే. అయితే పంపేవారు సలహా మీద పెట్టే శ్రద్ధలో సగమైనా నంబరు మీద పెట్టాలి.

పేరు నమోదు చేసేటప్పుడు ఇచ్చేది చాలావరకు భర్త నంబరే. మన శ్రీకాకుళం తీరంలో ఆ భర్త గుజరాత్‌లోని వేరావల్‌లో బోటు మీద ఉంటాడు, మెట్ట ఊళ్లలో అయితే చెన్నైలోనో హైదరాబాదులోనో భవనాల పనిలో ఉంటాడు. తొలిచూలు పిల్ల ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో కన్నోరింటికి వెళ్తుంది. ఇక ఐరన్ మాత్ర మెసేజ్ వేరావల్‌లో మోగుతుంది, మాత్ర మింగాల్సిన పిల్ల సోంపేటలో తల్లి దగ్గర ఉంటుంది. అందుకే తన నంబరు, అత్తింట్లో ఒకరిది, కన్నోరింట్లో ఒకరిది, మొత్తం మూడు రాసుకోవాలి. "నీ నంబరెంత?" అంటే సరిపోదు, "పగలు ఈ ఫోను ఎవరి దగ్గరుంటుందమ్మా?" అని అడగాలి. ఆశ కార్యకర్త అక్కడే ఒక మెసేజ్ పంపి, తెరిచి చదివించాలి. అంకె తప్పు పడినా, పాత కీప్యాడ్ ఫోనులో తెలుగు బదులు డబ్బాలు కనిపించినా అప్పుడే బయటపడుతుంది. ఆరో నెలలో మరోసారి ఇదే పని చేయాలి.

తర్వాతది అక్షరాల లెక్క. ఇంగ్లీషులో ఒక మెసేజ్‌కు 160 అక్షరాలు పడితే తెలుగులో 70 మాత్రమే. గుణింతం, వత్తు, సున్నా, ఖాళీ అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. మనకు ఒక్క అక్షరంలా కనిపించే 'స్త్రీ' అక్కడ ఆరు! 70 దాటితే మెసేజ్ 67 చొప్పున ముక్కలవుతుంది. కొన్ని పాత ఫోన్లలో రెండో ముక్క ముందొస్తుంది, ఖర్చూ రెండింతలు. పోనీ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తే అవి పాలో పళ్లో చదివేవారి ఊహకు వదలాలి. కాబట్టి "గర్భిణీ స్త్రీలు తప్పనిసరిగా" లాంటి కార్యాలయపు తెలుగు వదిలేసి ఇలా రాయాలి:

"ఐరన్ మాత్ర రాత్రి అన్నం తిన్న గంటకు వేసుకోండి. టీతో వద్దు."

ఇది 58. ఒక మెసేజ్‌కు ఒక్క పనే. కాల్షియం రోజుకు రెండు మాత్రలు, భోజనంతో, ఐరన్‌కు కనీసం రెండు గంటల ఎడంగా. దాన్ని మరో రోజు చెప్పాలి. ఐరన్ నాలుగో నెల నుంచి 180 రోజులు, పురుడయ్యాక మరో 180 రోజులు వాడాలి. కొందరు మొదట్లోనే మానేస్తారు, విరేచనం నల్లబడిందన్న భయంతో. అందుకని మాత్రలు ఇచ్చిన మూడో రోజుకే ఇది వెళ్లాలి:

"మాత్ర వేసుకుంటే విరేచనం నల్లగా అవుతుంది. భయం లేదు, ఆపొద్దు."

రాగులు అని రాస్తే అర్థం కాదని కాదు గానీ, మన దగ్గర చోడి అంటేనే ఇంటిమాట. బాలింతకు పథ్యం పేరుతో నీళ్లు తగ్గించే ఇళ్లు ఇంకా ఉన్నాయి. పుట్టిన గంటలోపే ముర్రుపాలు, ఆరు నెలలదాకా చంటిబిడ్డకు మంచినీళ్లు కూడా వద్దు అన్న మెసేజ్‌లు అమ్మమ్మ నంబరుకూ పోవాలి. ఆ ఇంట్లో చెల్లే మాట ఆవిడదే. టీకాలకు 6, 10, 14 వారాలు, 9 నెలలు అని తేదీలు కట్టడం తేలిక. కానీ ఆ ఊళ్లో టీకాలు వేసేది ఏ రోజో మెసేజ్‌లో లేకపోతే తల్లి ఖాళీ కేంద్రానికి వెళ్లి తిరిగొస్తుంది.

పలాస జీడి కార్ఖానాలకు, పొలాలకు వెళ్లేవారికి పగటి మెసేజ్ వృథా, రాత్రి ఏడు దాటాక పంపండి. ప్రతి మెసేజ్ నమూనాను టెలికాం సంస్థల దగ్గర ముందే నమోదు చేయాలి, తర్వాత ఒక్క మాట మార్చినా ఆగిపోతుంది. ప్రచార వర్గంలో నమోదు చేస్తే, ప్రచార మెసేజ్‌లు వద్దని డీఎన్‌డీ పెట్టుకున్న ఫోన్లకు చేరదు.

చదవలేనివారికి గొంతు కావాలి. 2016లో కేంద్రం మొదలుపెట్టిన కిల్కారి అనే ఫోను కాల్ సేవ పద్ధతి అదే. నాలుగో నెల నుంచి బిడ్డకు ఏడాది నిండేదాకా వారానికో కాల్, మొత్తం 72. మెళియాపుట్టి, పాతపట్నం కొండ ఊళ్లకైతే ఆ గొంతు అక్కడి గిరిజనుల సవర భాషలో ఉండాలి.

చివరగా, ఆపే ఏర్పాటు. కడుపు పోయినా, బిడ్డ దక్కకపోయినా ఆ సంగతి ఎవరూ ఎక్కించకపోతే కంప్యూటరు తేదీలు లెక్కగట్టుకుంటూనే పోతుంది. బిడ్డ లేని తల్లికి "మీ పాపకు ఆరు వారాలు, టీకా వేయించండి" అని వస్తుంది. ఆశ ఒక్క మిస్డ్ కాల్ ఇస్తే అదే రోజు బిడ్డ మెసేజ్‌లు ఆగేలా ఉండాలి. తల్లి మెసేజ్‌లు ఆపకూడదు. జ్వరం, ఎక్కువ రక్తం పోవడం, ఐరన్ మాత్రలు ఆమెకు అప్పుడూ చెప్పాలి. అందులో మొదటి మాట మాత్రం ఫోనులో కాకుండా ఊరి నర్సు (ఏఎన్ఎం) ఆమె ఇంటికి వెళ్లి చెప్పాలి.

— విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకురాలు, శ్రీకాకుళం జిల్లా