బాహా కాలిఫోర్నియా కొండల్లో మమ్మల్ని ఆదుకున్న పశుపాలక కుటుంబానికి కృతజ్ఞతలు

గత ఫిబ్రవరిలో, దక్షిణ కాలిఫోర్నియాలో ఉంటున్న తొమ్మిదిమంది తెలుగువాళ్ళం మోటారు సైకిళ్ళ మీద తెకాతే దగ్గర సరిహద్దు దాటి, మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా మట్టిదారుల్లో మూడు రోజులు తిరిగి రావాలని బయలుదేరాము. రెండో రోజు మధ్యాహ్నం మా మిత్రుడొకరు ఇసుకవాగులో పడ్డారు. చీలమండ పైన ఎముక విరిగింది. ఆయన ఇప్పుడు చేతికర్ర లేకుండా నడుస్తున్నారు. అందుకు కారణమైన వారందరికీ, ముఖ్యంగా ఆ రోజే మా వల్ల నష్టపోయి కూడా మమ్మల్ని ఆదుకున్న ఒక పశుపాలక కుటుంబానికి, నలుగురి ముందూ కృతజ్ఞతలు చెప్పుకోవడం నా బాధ్యత. పేర్లు రాయవద్దని వారే కోరారు గనుక రాయడం లేదు. జరిగినదాన్ని మాత్రం దాచకుండా రాస్తాను, ఎందుకంటే అందులో తప్పు నాది.

మొదటి రోజు ఓహోస్ నెగ్రోస్ నుంచి సియెర్రా హువారెస్ పైన్ అడవుల్లోకి ఎక్కి, 1962లో జాతీయ ఉద్యానంగా ప్రకటించిన లగూనా హాన్సన్ ప్రాంతాన్ని చూసి, మూడో నంబరు హైవే మీదికి దిగి, వాయే దె లా త్రినిదాద్ దగ్గర రాత్రి బస చేశాము. మర్నాడు దక్షిణంగా, సాన్ పెద్రో మార్తిర్ పర్వతాల వైపు సాగే దారి పట్టాము. అక్కడి గేట్లు మనకు అలవాటైన ఇనుప గేట్లు కావు. నాలుగైదు వరసల ముళ్ళతీగకు నిలువుగా కర్రలు కట్టి, చివరి కర్రను గుంజకున్న తీగ ఉచ్చులో బిగించి ఉంచుతారు. విప్పడం తేలిక, తిరిగి బిగించడానికి భుజబలం కావాలి. మా బృందంలో మలుపు వచ్చినా, గేటు వచ్చినా ముందు నడిపే అన్నయ్య వెనకాల ఉన్న రైడరు అక్కడే ఆగి, అందరికంటే చివర వచ్చే రైడరుకు దారి చూపి, గేటు అప్పగించిన తరువాతే కదలాలి. ఆ గేటు దగ్గర ఆగవలసిన వంతు నాది.

ఇరవై నిమిషాలు నిలబడ్డాను. వెనక ఒకరి టైరు పంక్చరైన సంగతి నాకు తెలియదు. ఆ నిశ్శబ్దంలో, నన్ను వదిలి అందరూ వెళ్ళిపోయారేమో అన్న భయంతో, రాబోయేవారు ఎలాగూ వేస్తారు కదా అనుకుని, గేటు తెరిచి ఉంచే ముందుకు వెళ్ళిపోయాను. తరువాత వచ్చిన నలుగురూ పద్ధతి తెలిసినవారు, తెరిచి ఉన్న గేటును తెరిచి ఉంచి, మూసి ఉన్నదాన్ని మూసి వెళ్ళాలన్న నియమాన్ని పాటించేవారు. అందుకే దాన్ని తెరిచి ఉన్నట్టే వదిలి వచ్చారు. వారు పాటించిన నియమం సరైనదే. చెప్పవలసిన మనిషిని నేను అక్కడ లేకపోవడం వల్ల వారి జాగ్రత్త కూడా వ్యర్థమైంది. పదకొండు ఆవులు ఆ గేటులోంచి బయటికి నడిచాయి.

మా మిత్రుడు పడిపోయిన చోట ఫోనుకు సిగ్నల్ లేదు. ఇద్దరు హైవే వైపు బయలుదేరారు, మిగిలినవాళ్ళం ఆయన కాలు కదలకుండా పట్టుకుని కూర్చున్నాము. అప్పుడు గుర్రం మీద ఒక పెద్దాయన వచ్చారు. ఆయన వెతుకుతున్నది మమ్మల్ని కాదు, తన పశువులను. మా టైర్ల జాడలు గేటు గుండా పోవడం ఆయన చూశారని, తప్పు ఎవరిదో ఆయనకు అప్పటికే తెలుసునని నాకు తరువాత అర్థమైంది. అయినా ఒక్క మాట అనలేదు. గుర్రం దిగి, కాలు చూసి, దగ్గరలో పడి ఉన్న ఎండిన కార్దోన్ జెముడు కాడల్ని చీల్చి, తన తాడుతో కట్టు కట్టి, ఆవుల సంగతి వదిలేసి కొడుకును పిలుచుకు రావడానికి ఇంటికి వెళ్ళారు. ఆ అబ్బాయి పికప్ బండిలో పరుపు వేసుకుని వచ్చాడు. ఎన్సెనాడా ఆసుపత్రికి రెండు గంటలకు పైగా పట్టిన ఆ ప్రయాణంలో, గతుకు వచ్చిన ప్రతిసారీ బండి వేగం తగ్గించి, వెనక్కి తిరిగి చూస్తూనే నడిపాడు. ఇంట్లో ఆ అమ్మ మా అందరికీ చిక్కుడుగింజల కూర, వేడి తోర్తియాలు పెట్టి, చలికి దుప్పట్లు ఇచ్చారు. చీకటిలో హైవే మీదికి వెళ్ళవద్దని, రాత్రిళ్ళు రోడ్డు మీద పశువులు పడుకుంటాయని ఆమె చెప్పినప్పుడు, ఆ పశువుల్లో కొన్ని నేను వదిలినవే కావచ్చునన్న ఆలోచనతో నా గొంతులోకి ముద్ద దిగలేదు.

ఆ రాత్రే, వచ్చిన కొద్దిపాటి స్పానిష్‌లో, గేటు వదిలింది నేనేనని చెప్పాను. పెద్దాయన తల ఊపి, పొద్దున వెతుకుదామన్నారు. మర్నాడు చీకటి పడేలోగా పది ఆవులు దొరికాయి, పదకొండోది మూడో రోజున దొరికింది. వానలు ముఖ్యంగా చలికాలంలో, అదీ తక్కువగా పడే నేల అది. ఒక మేత బీడును కొన్నాళ్ళు ఖాళీగా ఉంచి గడ్డి కోలుకోనిస్తారు, పశువులను మరో బీడులో ఉంచుతారు. ఒక గేటు మూసి ఉండడానికి ఎంత కారణం ఉంటుందో, మరొకటి తెరిచి ఉండడానికీ అంతే కారణం ఉంటుంది. నీళ్ళతొట్టి అవతల ఉండగా మంచి చేస్తున్నామనుకుని మూసేస్తే, పశువు దాహంతో చస్తుంది. ప్రకాశం జిల్లాలో మా ఊళ్ళో పరుల చేలో పడ్డ గొడ్డును బందెలదొడ్డిలో కట్టేసి, యజమాని జరిమానా కట్టేదాకా వదిలేవారు కాదు. తడిక వేయకుండా వచ్చినందుకు మా తాతగారి చేత చిన్నప్పుడు తిట్లు తిన్నవాణ్ణి, పరాయి దేశంలో ఆ సంగతి ఎలా మరిచానో ఈనాటికీ నాకు బాధగానే ఉంది.

దారి పొడవునా ఊరు కనిపించకపోతే అది ఎవరిదీ కాని నేల అనుకోవడం మాలో చాలామందికి ఉన్న అపోహ. 1967 నుంచి ఆ ద్వీపకల్పంలో జరుగుతున్న ఎడారి పోటీల వీడియోలు ఆ అపోహను పెంచాయి. ఆ పోటీల నిర్వాహకులు భూమి యజమానుల అనుమతులు అడిగే దారి వేస్తారన్నది వీడియోలో కనిపించదు. మెక్సికో భూమిలో దాదాపు సగం ఎహీదోలది, ఇతర గ్రామ సముదాయాలది. 1917 రాజ్యాంగంలోని 27వ అధికరణం ఆధారంగా రైతులకు ఉమ్మడిగా దక్కిన భూములే ఎహీదోలు. 1992 సవరణ తరువాత సొంత కమతాలను ప్రైవేటు ఆస్తిగా మార్చుకునే వీలు కలిగినా, ఉమ్మడి మేత బీళ్ళ మీద నిర్ణయం సభ్యుల సభదే. సభ ఎన్నుకున్న అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి కలిసి కోమిసరియాదోగా మూడేళ్ళు బాధ్యత చూస్తారు. మేము అడగవలసినవారు ఉన్నారు, అడగలేదు, అంతే.

రెండు వారాల తరువాత, వారి పాకలో టార్పాలిన్ కప్పి ఉంచిన మా బైకులను తెచ్చుకోవడానికి వెళ్ళినప్పుడు, పికప్ పెట్రోలు ఖర్చుకైనా డబ్బు తీసుకోమని బతిమాలాను. పెద్దాయన తీసుకోలేదు. ఎహీదో అధ్యక్షుల వారి దగ్గరికి తీసుకువెళ్ళారు. ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, ముందు మా మిత్రుడి కాలు ఎలా ఉందో అడిగి, ఆ తరువాతే విషయానికి వచ్చారు. మోటారు సైకిళ్ళు రావద్దని ఆయన అనలేదు. ముందుగా కబురు చేయమన్నారు. ఇళ్ళ ముందు నడక వేగంతో వెళ్ళమన్నారు, ఎందుకంటే మేము లేపే దుమ్ము ఆరేసిన బట్టల మీద, వంటింట్లో పడుతుంది. గుర్రం ఎదురైతే ఇంజను ఆపమన్నారు. దారి వదిలి బీడులోకి దిగితే ఆ చక్రాల జాడ ఏళ్ళ తరబడి మానదన్నారు. ఎవరినైనా దారి అడిగేముందు శిరస్త్రాణం తీసి నమస్కారం చెప్పమన్నారు. ముఖం కనిపించని మనిషికి ఏం జవాబు చెబుతామని ఆయన అడిగినప్పుడు నా దగ్గర సమాధానం లేదు.

ఆ కుటుంబానికి, అధ్యక్షుల వారికి, హైవే దాకా వెళ్ళి ఫోను చేసిన ఇద్దరు తమ్ముళ్ళకు, ఎన్సెనాడా ఆసుపత్రిలో రాత్రంతా కనిపెట్టుకుని ఉన్న వైద్యులకు, నర్సులకు, తప్పు ఒప్పుకున్నప్పుడు నన్ను దూరం పెట్టకుండా మరుసటి యాత్రలో చివరి రైడరు బాధ్యత నాకే అప్పగించిన అన్నయ్యకు నా హృదయపూర్వక కృతజ్ఞతలు. ఈ పోస్టు స్పానిష్ అనువాదాన్ని మా మిత్రుడు తన చేతి రాతతో కాగితం మీద రాశారు, స్వయంగా ఇస్తానంటున్నారు.

వచ్చే నెలలో ఎహీదో వారు చెప్పిన రోజున మేము ఆరుగురం పికప్ బండ్లలో వెళ్తున్నాము, ఈసారి బైకులు లేకుండా. ఆ గేటు పక్కన వంగిపోయిన కంచెకు కొత్త గుంజలు పాతి, ముళ్ళతీగ బిగించడానికి వారు అనుమతి ఇచ్చారు. గుంజలు, తీగ కొన్నాము. తీగ లాగి బిగించే పని తెలిసినవారు ఇంకొక్కరు కావాలి. రాగలిగినవారు నాకు చెప్పండి.