పిప్పి లెక్క బిల్లులో రాయండి

సంపాదకుడు గారికి,

చెరకు పిప్పితో కరెంటు తీసే ఫ్యాక్టరీల గురించి మొన్న మీ పత్రికలో చదివాను. మాది నాందేడ్ జిల్లా బిలోలి తాలూకా. మంజీరకు అవతల బోధన్, ఇవతల మేము. ఇంట్లో తెలుగు, కాటా దగ్గర మరాఠీ.

ముందుగా, అందులో పిప్పిని వ్యర్థం అనడం నాకు నచ్చలేదు. టన్ను చెరకు ఆడితే సుమారు 300 కిలోల పిప్పి వస్తుంది. అందులో సగం తేమే అయినా బాయిలర్‌లో బ్రహ్మాండంగా మండుతుంది. పాత ఫ్యాక్టరీలు 21 బార్ల ఆవిరి ఒత్తిడి ఉండే బాయిలర్లలో పిప్పిని తగలేసి, తమ మిల్లు తిరిగితే చాలనుకునేవి. 87, 110 బార్ల బాయిలర్లు పెట్టినచోట ఇప్పుడు టన్ను చెరకుకు 100 యూనిట్లకు పైగా పుడుతోంది. మిల్లు వాడుకోగా మిగిలింది గ్రిడ్‌కు అమ్ముతారు. మహారాష్ట్రలో ఈ ప్లాంట్ల సామర్థ్యం 2 వేల మెగావాట్లు దాటింది. నది అవతలేమో 2015 డిసెంబరులో బోధన్ నిజాం షుగర్స్ ఫ్యాక్టరీ మూతపడింది. మా మేనమామ వాళ్లు చెరకు మానేసి వరిలోకి దిగారు. ఇక అక్కడ పిప్పి మాట ఎక్కడిది?

అలాగని మేం బాగుపడిపోయామనుకోకండి. మాకు ధర కట్టేది చక్కెర రికవరీ మీద, అంటే చెరకులోంచి ఎంత శాతం చక్కెర వచ్చిందన్న దాని మీద. 2025-26 సీజన్‌కు 10.25 శాతం రికవరీ ఉంటే క్వింటాలుకు 355 రూపాయలు. చక్కెర రాబడికి పిప్పి, మొలాసిస్ (చక్కెర తీశాక మిగిలే పాకం), ప్రెస్‌మడ్ (రసం వడకట్టగా మిగిలే మడ్డి) రాబడి కూడా కలిపి అందులో 70 శాతం రైతుకు ఇవ్వాలని కేంద్రం వేసిన రంగరాజన్ కమిటీ 2012లోనే చెప్పింది. ఆ దారిలోనే మహారాష్ట్ర 2013లో చట్టం కూడా చేసింది. కానీ నేను చెరకు తోలే ఫ్యాక్టరీ ఎన్ని యూనిట్లు అమ్మింది, ఏ రేటుకు అమ్మింది అన్నది నా బిల్లులో ఒక్క ముక్క ఉండదు. ఆఫీసులో అడిగితే సర్వసభ్య సమావేశంలో అడగమన్నారు. అక్కడ లేచి అడిగితే భోజనాలకు టైమైందన్నారు! ఆ కరెంటుతో నా మోటారైనా పగలు తిరుగుతుందా అంటే, కరెంటు వంతు వచ్చినప్పుడు అర్ధరాత్రి టార్చి పట్టుకుని, పాముల భయంతో వెళ్లాల్సిందే.

మన తెలుగువాళ్లు చెరకు కూలీలుగా ఓడలెక్కి వెళ్లిన మారిషస్‌లో చెరకు రైతుకు పిప్పి కింద విడిగా డబ్బు ముడుతుంది. అంత చిన్న దీవిలో కుదిరిన లెక్క ఇక్కడ ఎందుకు కుదరదు?

మా తప్పూ ఒకటుంది. బీడ్ జిల్లా నుంచి వచ్చే కూలీలు కోత ముగించి వెళ్లగానే ఎండాకు, మేం 'పాచట్' అంటాం, చేలోనే అగ్గిపెడతాం. ఎకరానికి మూడు నాలుగు టన్నుల ఆకు బూడిదైపోతుంది. దాన్ని బేళ్లు కట్టి బాయిలర్‌కే పంపొచ్చు, కానీ కూలి, కిరాయి ఎవరిస్తారు? చేలోనే కుళ్లనిస్తే నేలకైనా మేలు. పోయినేడు అరెకరంలో అలా వదిలాను, ఒక తడి తగ్గింది.

నిజాం షుగర్స్‌ను మళ్లీ తెరిపించడానికి తెలంగాణ ప్రభుత్వం 2024 జనవరిలో కమిటీ వేసింది. అది తెరిస్తే పిప్పి కరెంటులో రైతు వాటాను మొదటి రోజే ఒప్పందంలో రాయించాలి. మా వైపు ఫ్యాక్టరీలు కూడా చెరకు బరువు పక్కనే, ఆ బిల్లు తాలూకు పదిహేను రోజుల్లో అమ్మిన యూనిట్లు, వచ్చిన రేటు బిల్లు మీద అచ్చు వేయాలి. మరాఠీలో వేసినా సరే, చదువుకుంటాం.

ఇట్లు,
ఒక చెరకు రైతు,
బిలోలి తాలూకా, నాందేడ్ జిల్లా