శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

ఆర్యా,

కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం నుంచి గల్ఫ్ వెళ్లే వెల్డర్లు, ఫిట్టర్ల జీతాల గొడవలకు బీజం చాలాసార్లు ఇక్కడే పడుతుంది. పదో తరగతి పాసుకాని వారికిచ్చే ఈసీఆర్ (వలస తనిఖీ అవసరమైన) పాస్‌పోర్టుతో గల్ఫ్‌లో పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే ప్రభుత్వ అనుమతి కావాలి. లైసెన్సు లేని ఏజెంటు దాన్ని తప్పించడానికే విజిట్ వీసా అంటగడతాడు. దిగాక చేతిలో ఒప్పందపత్రం ఉండదు, బీమా ఉండదు.

లైసెన్సున్న ఏజెంటైనా 30,000 రూపాయలు, ఆపైన 18 శాతం జీఎస్టీ మించి తీసుకోకూడదు, రసీదివ్వాలి. రసీదు లేకుండా లక్ష అడిగాడంటే సంగతి అర్థమైనట్టే! ప్రవాసీ భారతీయ బీమాకు రెండేళ్ల ప్రీమియం 275 రూపాయలు. ప్రమాదంలో చనిపోతే 10 లక్షలు. గడువు తీరాక రెన్యూవల్ చేయించకపోతే అదీ దక్కదు.

మండల కేంద్రాల్లో నెలకోరోజు ఒక గది, కంప్యూటరు ఇప్పించండి. కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్‌లో ఏజెంటు లైసెన్సు సరిచూసే మనుషుల్ని మేమే పెడతాం. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం నకళ్లు ఇంట్లో ఉంచేలా చూస్తాం. జీతం ఆగితే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఇంటివాళ్లు ఫిర్యాదు చేయడానికి అవే ఆధారం.

దొంగ ఏజెంట్లపై 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద కేసు పెట్టించండి. డబ్బు తిరిగిప్పించి రాజీ చేస్తే, పక్క ఊళ్లో మళ్లీ బోర్డు కడతాడు.

ఇట్లు,
ఉద్దానం వలస కార్మికులు, కుటుంబాలు