పెరటి గోడ మీది గ్లాసు

విశాఖపట్నం,
ఆదివారం సాయంత్రం

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అంది పది రోజులైంది. "దేవుడంటే భయం లేకపోతే మనిషి ఎప్పుడో పశువైపోయేవాడు, మీ మామ్మని చూశాక కూడా నీకీ సందేహమేంట్రా" అని రాశావు. మామ్మ పేరెత్తకపోయుంటే రెండు ముక్కల్లో జవాబు రాసేసేవాణ్ణి. ఎత్తావు కాబట్టి ఓపిగ్గా చదువు.

నువ్వన్నది నిజమే. మామ్మ అబద్ధమాడి ఎరగదు. కూరలమ్మి లెక్క తప్పి అర్ధరూపాయి ఎక్కువిచ్చిందని మిట్టమధ్యాహ్నం కురుపాం మార్కెట్ దాకా నడిచి వెళ్ళి తిరిగిచ్చేసింది. గుమ్మంలోకి వచ్చిన వాళ్ళెవర్నీ ఆకలితో పంపలేదు. ఎందుకింత అవస్థ అంటే సింహాచలం నరసింహస్వామిని తలచుకుని "అప్పన్న చూస్తున్నాడురా" అనేది, అంతే. ఆ ఒక్క మాట మీద ఎనభై ఏళ్ళు బతికింది.

మరి పెరటి గోడ మీద మేకుకి వేలాడే సత్తు గ్లాసు నీకు గుర్తుందా? అంట్లు తోమడానికి వచ్చే అప్పలమ్మది. పని అయ్యాక ఆవిడ మేకు మీంచి గ్లాసు తీసుకుని గట్టు కింద నిలబడేది. మామ్మ మడిచీరతో గట్టు మీద నిలబడి, చెంబు తగలకుండా జానెడు ఎత్తు నించి కాఫీ పోసేది. సముద్రం గాలికి ఆ ధార పక్కకి వంగిపోయేది. అప్పలమ్మ గ్లాసుని ధార వెంటే జరుపుకుంటూ, ఒక్క చుక్క కింద పడకుండా పట్టేది. ఎన్నేళ్ళ అలవాటో! తాగి, కడిగి, మళ్ళీ మేకుకే. మనిద్దరం ఆ గట్టు మీదే గోళీలాడేవాళ్ళం. ఒక్కసారైనా అదేంటని అడిగామా?

మొన్న పాత ఇంటి సామాను సర్దుతుంటే ఆ గ్లాసు దొరికింది. అప్పట్నించి ఒక సంగతి నన్ను వదలట్లేదు. మన ఉత్తరాంధ్రలో సింహాద్రి అప్పన్న పేరు లేని ఇల్లు ఉంటుందా? అప్పలరాజు, అప్పలస్వామి, అప్పలనరసమ్మ, సింహాచలం. మామ్మ రోజూ ఏ పేరు తలచుకుని లెంపలేసుకునేదో ఆ పేరునే మోసిన మనిషి గట్టు కింద నిలబడింది. అప్పన్న చూస్తున్నాడన్న మాట అర్ధరూపాయి దగ్గర పనిచేసింది, మేకు దగ్గర పనిచెయ్యలేదు. ఎందుకంటే ఆ మేకుని కొట్టిందీ ఆచారమే. ఆవిడకి అది పాపంగా కాదు, పద్ధతిగా వచ్చింది.

అలాగని తప్పంతా మతానిదేనని తేల్చేద్దామంటే కనకమహాలక్ష్మి అడ్డొస్తుంది. మామ్మ మార్గశిర గురువారాలు బురుజుపేట వెళ్ళేది కదా. అక్కడ అమ్మవారికి కప్పు లేదు, ఆకాశమే. మధ్యలో పూజారి అక్కర్లేదు. ఎవరైనా, ఏ కులం వాళ్ళైనా వాళ్ళ చేత్తోనే పసుపూ కుంకుమా వెయ్యొచ్చు. అప్పలమ్మ కూడా వెళ్ళేది. ఇద్దరి చేతి పసుపూ ఆ తల్లి మీద కలిసిపోయేది. పసుపంటిన ఆ చేతులతోనే ఇద్దరూ ఇంటికొచ్చేవారు, ఒకరు వీధి గుమ్మంలోంచి, ఒకరు సందులోంచి పెరట్లోకి. మామ్మకి ఆ రెంటికీ మధ్య తేడా ఎప్పుడూ తగల్లేదనుకుంటాను. నాకిప్పుడు అదే ఆశ్చర్యం. మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం 1947లోనే వచ్చింది. గుళ్ళ తలుపులు తీశారు. మన పెరటి తలుపు గురించి మాత్రం ఏ చట్టమూ అడగలేదు.

వీరేశలింగం గారి సంగతే చూడు. 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు పండితులు శాస్త్రం చూపించి ఆయన్ని ఆపబోయారు. ఆయనా శాస్త్రాలే తీసి ఎదురు వాదించాడు. పుస్తకం ఒకటే. ఏ పుట తెరవాలన్నది మాత్రం మనిషి లోపల ముందే తేలిపోయి ఉంటుంది. అది ఎలా తేలుతుంది, ఎవరు తేలుస్తారు అన్నదగ్గరే నేను ఆగిపోతున్నాను.

పోయిన నెల పిల్లల్ని తీసుకుని తొట్లకొండ వెళ్ళాం. బౌద్ధ భిక్షువులు వాన నీటి కోసం రాతిలో తొలిచిన తొట్లున్నాయి, చూశావుగా. రెండువేల ఏళ్ళ కిందటివి. ఆ పేరే కొండకి మిగిలింది, ఎవరు తొలిచారో జనం మర్చిపోయారు. అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ మీద ఇంకా ఘోరం. కనుమ రోజున చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వచ్చి అక్కడ బొజ్జలా ఉన్న కట్టడాన్ని రాక్షసుడిదనుకుని రాళ్ళతో కొట్టేవారు. అదీ ఒక ఆచారమే అయిపోయింది! బుద్ధుడి కొండ మీద, పండగ పూట, పిల్లాపాపల్తో వచ్చి రాళ్ళు! వాళ్ళలో చెడ్డవాళ్ళెవరూ ఉండరురా. మామ్మలాంటి వాళ్ళే ఉంటారు. తాతలు విసిరారు కాబట్టి వీళ్ళూ విసిరారు.

అక్కడి నించి వచ్చాక అశోకుడి శాసనాల గురించి చదివాను. ఇదంతా కళింగ తీరమే కదా. క్రీస్తుపూర్వం 261లో యుద్ధం, లక్షమంది చచ్చిపోయారని ఆయనే చెక్కించుకున్నాడు, పశ్చాత్తాపపడ్డాడు. చిన్నప్పుడు మనం బట్టీపట్టిన పాఠమే. కానీ ఆ పశ్చాత్తాపం ఉన్న పదమూడో శాసనం కళింగలో లేదట! ఎక్కడో పెషావర్ వైపు షాబాజ్‌గఢీలో ఉంది. ఇక్కడ కళింగలో, ఇప్పటి ఒడిశాలోని ధౌలిలో, జౌగడలో, దాన్ని వదిలేశారు. దాని బదులు మనుషులందరూ నా బిడ్డల్లాంటివాళ్ళే అన్న శాసనం చెక్కించాడు. మంచి మాటే. ఏలడానికి ఇదే అనువని ఆ పశ్చాత్తాపాన్ని తీసేశారేమో. ఏమైనా, కొడుకుల్ని పోగొట్టుకున్న వాళ్ళకి మాత్రం నన్ను క్షమించండన్న మాట అందలేదు.

అది చదివి పుస్తకం మూసేశాను. ఎందుకో నీకు చెప్పాలి.

మా ఎంవీపీ కాలనీ ఫ్లాట్‌లో మడి లేదు, ఆచారం లేదు. పూజ కూడా పండగలకే. అయినా సింకు కింద ఒక స్టీలు గ్లాసు ఉండేది. ఒకరోజు దాహమేసి దాన్ని అందుకోబోతే మా ఆవిడ "అది కాదండీ, పనమ్మాయిది" అంది. నేను దాన్ని అక్కడే పెట్టేసి వేరేది తీసుకున్నాను. ఆలోచించను కూడా లేదు. మామ్మకి ఆచారం ఉంది, మాకు శుభ్రత అన్న మాట ఉంది. మేకు గోడ మీంచి సింకు కిందకి వచ్చింది, అంతే. పాత ఇంట్లో సత్తు గ్లాసు చేతిలోకి తీసుకున్నాక గానీ అది తట్టలేదు. ఆ రాత్రే మా ఆవిడతో కూర్చుని మాట్లాడాను. ఆవిడా చాలాసేపు ఏమీ అనలేదు. మర్నాడు ఆ గ్లాసు మిగతావాటిలో కలిసిపోయింది.

కాబట్టి నీ ప్రశ్నకి నా జవాబు ఇది. మతం మామ్మకి నిజాయితీ ఇచ్చింది, దయ ఇచ్చింది. ఆ దయ ఎంత దూరం పోవచ్చో గీత కూడా అదే గీసింది. మతం పల్చబడ్డ నాకు గీత మాత్రం చెక్కుచెదరకుండా మిగిలింది. నాకు భయంగా ఉన్నది దీనికే.

అప్పలమ్మ ఉందిరా. అడవివరంలో కూతురి దగ్గరుంటోంది. పోయిన వారం వెళ్ళాను, క్షమించమని చెప్పేద్దామనే. చూపు సరిగా లేదు గానీ గొంతు గుర్తుపట్టింది. నేను నోరు తెరిచేలోపే నా చెయ్యి పట్టుకుని "మామ్మగారు దేవత బాబూ, నా పిల్లకి జ్వరమొస్తే రాత్రంతా కూకున్నారు" అంది. ఆ సంగతి నాకు తెలియనే తెలియదు. ఇంక నాకు మాట పెగల్లేదు. టీ తాగి వచ్చేశాను.

ఆ మాట ఆవిడకి చెప్పకుండా నీకింత రాస్తున్నాను. షాబాజ్‌గఢీలో చెక్కినట్టే ఉంది.

ఆషాఢ పౌర్ణమికి ముందురోజు సింహాచలం గిరి ప్రదక్షిణ. ముప్ఫై రెండు కిలోమీటర్లు, కాళ్ళు నొప్పులని సాకులు చెప్పకు, రాత్రంతా దారి పొడుగునా మజ్జిగలూ మంచినీళ్ళూ ఇస్తూనే ఉంటారు. నువ్వు భక్తితో నడు, నేను నీ పక్కన నడుస్తాను. అడవివరం దారిలోనే వస్తుంది. అక్కడ కాసేపు ఆగుదాం. ఆవిడతో మాట్లాడేటప్పుడు నువ్వు నా పక్కనుండాలి. ఆ గట్టు మీద నువ్వూ ఆడావు కదా.

టికెట్ తీసుకున్నాక ఫోన్ చెయ్యి, స్టేషన్‌కి వస్తాను.

నీ
రాము