చేయి తిరగనివారికీ చోటివ్వండి

సంపాదకుల వారికి,

డిసెంబరు, జనవరుల్లో జరిగే మార్గళి కచేరీలు దగ్గరపడగానే చెన్నైలోని మా వంటి చిన్న సంగీత బృందాల్లో "చేయి తిరగనివారిని ఈసారికి పక్కన పెడదాం" అనే మాట ఏటా వినిపిస్తుంది. ఆ మాట నన్ను ఎంతో బాధిస్తోంది.

నేను 20 ఏళ్లుగా వయొలిన్ వాయిస్తున్నాను. మా బృందంలో మృదంగం వాయించే అబ్బాయికి 3 ఏళ్ల శిక్షణే ఉంది. మూడు, నాలుగుగా విరిగే 7 అక్షరాల మిశ్రచాపు తాళంలో త్యాగరాజ కీర్తన ఎత్తుకుంటే, తాళం మూడో ఆవర్తనానికే, అంటే మూడో చుట్టుకే, అతడి చేయి పరుగెత్తేది. నేను సంగతులు, అంటే ఒకే పంక్తికి అల్లే కొత్త కొత్త మార్పులు, పెంచినకొద్దీ మరింత తడబడేవాడు. తప్పు అతడిదేనని చాలాకాలం అనుకున్నాను. ఒక ఆదివారం సంగతులన్నీ మాని, తాళం దెబ్బ మీదే కమాను తిప్పుతూ పల్లవిని సాదాగా వాయించాను. అతడి చూపు నా కమాను మీద నిలిచింది. మృదంగం ఎడమ మూత మీద గుంకి అనే గంభీర నాదం నిదానంగా, లోతుగా పలికింది. చివరి వరకు లయ చెదరలేదు.

గాయకుడు చెంబై వైద్యనాథ భాగవతార్ మృదంగ విద్వాంసుడు పాలఘాట్ మణి అయ్యర్‌ను బాల్యంలోనే తన కచేరీలలో పక్కన కూర్చోబెట్టుకున్నారు. అంతటి ప్రతిభ అందరికీ ఉండదన్నది నిజమే. అయినా, కొత్తవారు ఉన్నప్పుడు కాలప్రమాణాన్ని, అంటే పాట నడిచే వేగాన్ని, వారి చేతికి తగినట్లు నిర్ణయించి, మృదంగం ఒంటరిగా మోగే తని ఆవర్తనాన్ని కుదించైనా సరే వారిచేతనే వాయింపజేయాలని, ఆ సర్దుబాటు బాధ్యతను అనుభవజ్ఞులే తీసుకోవాలని బృందాల నిర్వాహకులను కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక వయొలిన్ వాద్యకారుడు,
మైలాపూరు, చెన్నై