‘ప్రీబయోటిక్’ అంటే ఎన్ని గ్రాములు?

సంపాదకులకు,

బిస్కెట్లు, జ్యూస్‌లు, పెరుగు డబ్బాల మీద ‘ప్రీబయోటిక్’ (పేగుల్లోని మేలుచేసే బ్యాక్టీరియాకు ఆహారమయ్యే పదార్థం) అన్న మాట పెద్ద అక్షరాల్లో ఉంటోంది. ఎన్ని గ్రాములో చాలాసార్లు కనిపించదు. అసలు విషయమంతా అక్కడే ఉంది. చికోరీ వేరు నుంచి తీసే ఇనులిన్ అనే పీచు చిన్నపేగులో అరగదు, పెద్దపేగులోని బిఫిడో బ్యాక్టీరియాకు ఆహారమవుతుంది. విరేచనం సాఫీగా అవుతుందని చెప్పుకోవాలంటే ఐరోపాలో రోజుకు 12 గ్రాములు అందాలన్నది షరతు. బిస్కెట్‌కు అరగ్రాము వేస్తే ఏ మూలకు?

వేసినదంతా మిగులుతుందన్న నమ్మకమూ లేదు. పీహెచ్ 4 కంటే తక్కువున్న పుల్లని రసంలో కలిపి వేడిచేస్తే ఇనులిన్ గొలుసు తెగి ఫ్రక్టోజ్‌గా మారుతుంది. బ్రెడ్ పిండిలోనైతే ఈస్ట్ కొంత తినేస్తుంది. అందుకే కలిపినప్పటి లెక్క కాదు, గడువు తేదీనాటికి మిగిలే లెక్క కావాలి.

మన గోరుచిక్కుడు గింజల నుంచి వచ్చే గ్వార్ గమ్‌దీ ఇదే కథ. ఐస్‌క్రీమ్‌లో ఐఎన్‌ఎస్ 412గా (ఆహారంలో కలిపే పదార్థాలకిచ్చే కోడ్ నంబరు) కనిపించేది చిక్కదనం కోసం వేసే చిటికెడే. ఎంజైమ్‌తో చిన్న ముక్కలుగా విడగొట్టిన గ్వార్ గమ్ సంగతి మాత్రం వేరే, 5 గ్రాములు కలిపినా గ్లాసుడు నీళ్లు జిగురెక్కవు కాబట్టి ఎక్కువ మోతాదులో వేయొచ్చు.

ఒక్కో వడ్డనకు ఎన్ని గ్రాములో లేబుల్‌పై తప్పనిసరి చేయాలి. ఒక్కసారిగా ఎక్కువ తింటే కడుపుబ్బరం, గ్యాస్ వస్తాయని, 2-3 గ్రాములతో మొదలుపెట్టమని పక్కనే రాయాలి.

– ఒక ఆహార సాంకేతిక నిపుణుడు, గుంటూరు